కారుకి ఏం తగిలించినా చెప్పి తగిలించండి

"అడిగితే చెబుదాంలే" అనే మాట మన ఇళ్లల్లో ఎంత మామూలో నేను వేరే చెప్పక్కర్లేదు. రైల్లో అయిదు దాటిన పిల్లాడిని ఒళ్లో కుదేసుకుని "ఇంకా నాలుగున్నరేనండీ" అనడం దగ్గర్నుంచి, అద్దె ఇల్లు చూసేటప్పుడు "మేం నలుగురమే" అని చెప్పి, సామాన్ల వెనకే అత్తగారినీ మామగారినీ దింపడం దాకా, ఆ మాట మీద నడిచిపోయే వ్యవహారాలు బోలెడు. వాటిలో చాలావాటి మీద నాకు పెద్ద అభ్యంతరం కూడా లేదు. ఇంటివాళ్లు రెండు రోజులు మొహం ముడుచుకుంటారు, మూడోరోజు కాఫీపొడి అప్పుకొస్తారు, అంతే. కానీ ఇంగ్లండులో ఉంటూ, పద్దెనిమిదేళ్ల పిల్లాడికి కారు కొనిచ్చి, ఇన్సూరెన్స్ దగ్గర కూడా అదే మాట వాడదామంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే అక్కడ వాళ్లు అడిగేశారు. మనం జవాబు కూడా ఇచ్చేశాం. ఆ జవాబు ఏమిటో మనం చూసుకోలేదు, అంతే తేడా.

ఇక్కడ పదిహేడు నిండితే కారు నేర్చుకోవచ్చు. మన పిల్లలు ఆ పుట్టినరోజు కోసం ఎలా కాచుకుని ఉంటారంటే, ప్రొవిజనల్ లైసెన్స్ ముందే తెప్పించుకుని పర్సులో పెట్టుకుంటారు. పరీక్ష పాసయ్యాక ఏదో ఒక లీటరు ఇంజను పాత కోర్సానో, ఫియస్టానో, పోలోనో కొంటాం. కారు కొన్న ఆనందం ఇన్సూరెన్స్ ధర చూసేదాకానే. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లల్లోనే కారు ధర కంటే మొదటి ఏడాది ప్రీమియం ఎక్కువైన వాళ్లు ఇద్దరున్నారు. కొత్తగా బండి ఎక్కిన పిల్లలు ఎక్కువ గుద్దుతారని కంపెనీలు లెక్కలు కట్టి పెట్టుకున్నాయి. అందులో అబద్ధమూ లేదు. అర్ధరాత్రి, వాన, వెనక సీట్లో ముగ్గురు స్నేహితులు, పాటలు. ఎవరికైనా భయమేస్తుంది, వాళ్లకి వెయ్యడంలో తప్పేముంది.

అలా ఎక్కువ కట్టించుకుంటున్నారన్న ఉక్రోషం మన మగవాళ్లకి ఎక్కువ. "ఇంత దోచుకుంటున్నారు, ఇంకా వీళ్లకి చక్రాల సంగతి కూడా చెప్పాలా" అంటారు. పిల్లాడు పక్కనే కూర్చుని వింటాడు. నేననేది అసలు ఇదే. పిల్లలు దుడుకువాళ్లని అందరూ అంటారు గానీ, దాచిపెట్టడం పిల్లలు తమంతట తాము నేర్చుకున్నది కాదు. మన డైనింగ్ టేబుల్ దగ్గర విన్నదే.

ముందు, ఏది మార్పు కిందకి వస్తుందో చూద్దాం, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలవుతుంది. మన దృష్టిలో "కారు మోడిఫై చెయ్యడం" అంటే సినిమాల్లోలా నిప్పులు కక్కే ఇంజను పెట్టించడం. ఇన్సూరెన్స్ వాళ్ల దృష్టిలో, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు కారు ఎలా ఉందో దానికి భిన్నంగా ఉన్నదల్లా మార్పే. అల్లాయ్ వీల్స్ వేయించారా, మార్పు. అద్దాలకి నల్లఫిల్మ్ అంటించారా, మార్పు. వెనకాల స్పాయిలర్, శబ్దం కోసం వేరే ఎగ్జాస్ట్, కారు నేలకి ఆనేలా దించిన సస్పెన్షన్, మంచి స్పీకర్లు, సీటు మార్చడం, అన్నీ. ఇంజను రీమాప్ అని ఒకటుంది, ల్యాప్‌టాప్ తగిలించి అరగంటలో ఇంజను లెక్కలు మార్చేస్తారు. బయటికి ఏమీ కనపడదు. పిల్లలు దాన్ని మార్పనే అనుకోరు, "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అమ్మా" అంటారు, ఫోనుకి వచ్చినట్టే. కానీ బండి జోరు పెంచేది అదే కాబట్టి, కంపెనీలు అన్నిటికంటే ఎక్కువ భయపడేది కూడా దానికే. చివరికి బానెట్ మీద గీతల స్టిక్కరు కూడా కొన్ని కంపెనీల జాబితాలో ఉంటుంది. వినాయకుడి బొమ్మ సంగతి నేను అడగలేదు లెండి.

వాళ్లు ఇవి ఎందుకు అడుగుతారో తెలిస్తే సగం కోపం తగ్గుతుంది. జోరు పెరిగితే గుద్దే అవకాశం పెరుగుతుంది, అది ఒకటి. మంచి చక్రాలూ మంచి స్టీరియో ఉంటే దొంగల కన్ను పడుతుంది, అది రెండు. గుద్దినప్పుడు బాగు చేయించడానికి మామూలు సామాను కంటే ఖర్చెక్కువ, అది మూడు. నాలుగోది పైకి చెప్పరు గానీ, కారుకి పెద్ద ఎగ్జాస్ట్ పెట్టించుకున్న పిల్లాడు దాన్ని ఎలా నడుపుతాడో వాళ్లకి ఒక అంచనా ఉంటుంది. నాకూ ఉంది.

ఇక మనవాళ్లు అస్సలు ఆలోచించని సంగతి ఒకటి చెప్తాను. మార్పు మనం చేసింది కానక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ కారుకి పాత యజమాని చేయించిన మార్పు కూడా మన ఖాతాలోదే. మేము మావాడికి కారు చూసినప్పుడు చక్రాలు మరీ మెరిసిపోతున్నాయని నాకు అనుమానమొచ్చింది. అమ్మే అతను "ఇలాగే వచ్చాయి" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మోడల్‌కి ఆ ఏడాది కంపెనీ ఇచ్చిన చక్రాల బొమ్మలు చూస్తే, ఇవి వాటిలో లేవు. సైజు కూడా ఒక అంగుళం పెద్దవి. మావారు "చక్రాలు గుండ్రంగా ఉన్నాయా లేదా" అన్నారు. పాలసీ తీసుకునే ముందే ఫోన్ చేసి చెప్పాం. ముప్పై చిల్లర పౌండ్లు పెరిగింది. ఆ ముప్పై చిల్లరకి నాకు కొంత నిద్ర దొరికింది కాబట్టి నా లెక్కలో అది చవక బేరమే.

అమ్మేవాడిని మాటతో వదలకుండా "దీనికి ఏమేం మార్పించావు" అని మెసేజ్ పెట్టి, జవాబు దాచుకోవడం మంచిది. కారు తెలిసిన మెకానిక్‌కి ఒకసారి చూపిస్తే ఇంకా మంచిది. మనకి నిజంగా తెలిసే వీలు లేని మార్పు అయితే, మనం జాగ్రత్తగానే జవాబిచ్చామని చూపించగలిగితే, చట్టం మన వైపే ఉంటుంది. కానీ ఆ మాట చూపించడానికి కాగితం ఉండాలి కదా.

చట్టం అన్నాను కాబట్టి అది కూడా చెప్పేస్తాను, పెద్దగా లేదు. ఇదివరకు ఈ దేశంలో నియమం చాలా కఠినం. 1906 నాటి సముద్ర బీమా చట్టంలోని సూత్రం ప్రకారం, వాళ్లు అడగకపోయినా సరే, ముఖ్యమైన విషయాలన్నీ మనమే తెలుసుకుని చెప్పాలి. చెప్పకపోతే పాలసీ గాల్లో కలిసిపోయేది. ఓడల వ్యాపారులకి రాసిన నియమం మామూలు ఇళ్లవాళ్ల మీద నూరేళ్లు నడిచింది. 2012లో కొత్త చట్టం చేసి, 2013 ఏప్రిల్ 6 నుంచి అమలులో పెట్టారు. ఇప్పుడు మన బాధ్యతల్లా వాళ్లు అడిగినదానికి తగినంత జాగ్రత్తతో, తప్పు లేకుండా జవాబివ్వడం. అడగనిదాన్ని తవ్వి చెప్పక్కర్లేదు. చూశారా, "అడిగితే చెబుదాం" అన్న మన సిద్ధాంతాన్ని బ్రిటిష్ పార్లమెంటే ఒప్పుకుంది. ఇబ్బంది ఏమిటంటే, కారుకి మార్పులున్నాయా అని ప్రతి ఫారంలోనూ అడుగుతారు. చాలా వెబ్‌సైట్లలో "లేవు" అన్నదే ముందుగా టిక్కు పెట్టి ఉంటుంది. మనం చూడకుండా కిందకి జారిపోతాం. అదీ జవాబే.

తప్పు జవాబు బయటపడితే ఏమవుతుందన్నది ఆ తప్పు ఎలా జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. జాగ్రత్తగానే జవాబిచ్చాం, అయినా పొరపాటు దొర్లింది అంటే క్లెయిమ్ పూర్తిగా ఇవ్వాలి. అజాగ్రత్త అయితే, నిజం చెప్పి ఉంటే వాళ్లేం చేసేవారో చూస్తారు. ఎక్కువ ప్రీమియం అడిగేవాళ్లమంటే, ఆ నిష్పత్తిలో క్లెయిమ్ కోసేస్తారు. ఉదాహరణకి మనం 1500 పౌండ్లు కట్టాం, నిజం చెప్పి ఉంటే 2000 అయ్యేది అనుకోండి. అంటే ముప్పాతిక కట్టాం. కారుకి 4000 పౌండ్ల నష్టమైతే ముప్పాతిక, అంటే 3000 ఇస్తారు. ప్రీమియంలో 500 మిగుల్చుకున్నామని సంబరపడ్డవాళ్లు క్లెయిములో 1000 పోగొట్టుకుంటారు. అసలు ఆ మార్పుతో మేం పాలసీయే ఇచ్చేవాళ్లం కాదు అని వాళ్లు నిరూపిస్తే, ప్రీమియం వెనక్కిచ్చి, క్లెయిమ్ మొత్తం కాదనొచ్చు. ఇక కావాలనే దాచామనో, నిజమో కాదో లెక్కచెయ్యకుండా చెప్పామనో తేలితే క్లెయిమూ ఇవ్వరు, సాధారణంగా కట్టిన డబ్బూ తిరిగిరాదు.

ఇక్కడ మగవాళ్లందరూ ఒకే వాదన చేస్తారు. మా ఊరు రెడింగ్‌లో ఒకాయన కూడా అదే చేశారు. వాళ్లబ్బాయి కారుకి పెద్ద ఎగ్జాస్ట్ పెట్టించుకున్నాడు, ఇన్సూరెన్స్‌కి చెప్పలేదు. రౌండబౌట్ దగ్గర ముందు కారుని వెనకనించి తగిలాడు. మనుషులకేం కాలేదు, దేవుడి దయ. బాగుచేయడానికి కారుని తీసుకెళ్లినవాళ్లు అన్ని వైపులనుంచీ ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో వెనకాల తూము లాంటి గొట్టం కనపడకుండా ఎలా ఉంటుంది. కంపెనీ ఉత్తరం రాసింది. పిల్లాడు స్నేహితులతో "చెప్తే డబ్బులడుగుతారు, చెప్పను" అని అన్నది నిజమే అయినా అది వాళ్లకి తెలియదు. కానీ పాలసీ తీసుకున్నాక ఎగ్జాస్ట్ పెట్టించలేదు, ఎగ్జాస్ట్ పెట్టించిన వారానికి పాలసీ తీసుకున్నాడు. రసీదు మీద తేదీ ఉంది. కావాలనే దాచాడని తేల్చి పాలసీ చెల్లదన్నారు.

ఆ తండ్రిగారు మా ఇంట్లో కూర్చుని, "ఎగ్జాస్ట్ వల్ల యాక్సిడెంట్ అయ్యిందామ్మా? బ్రేకు ఆలస్యంగా వేశాడు, అంతే కదా" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పాపం ఆయన బాధ చూసి ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు, అందుకే ఇక్కడ చెప్తున్నాను. ప్రమాదానికి కారణం ఏమిటన్నది కాదు ప్రశ్న. నిజం తెలిసి ఉంటే వాళ్లు అదే ధరకి, అవే షరతులతో పాలసీ ఇచ్చేవారా అన్నది ప్రశ్న. బ్రేకు ఆలస్యంగా వేసినా, పిడుగు పడినా ఆ ప్రశ్న మారదు. పెళ్లి సంబంధంలో అబ్బాయి ఉద్యోగం గురించి అబద్ధం చెప్పి, తర్వాత గొడవ వంట గురించి వచ్చిందనుకోండి, ఉద్యోగం సంగతి మాఫీ అయిపోతుందా?

కారు పోయింది సరే. అవతలివాళ్ల కారు సంగతి? 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం, మన పాలసీ ఎలా తగలడినా అవతలివాళ్ల నష్టం చాలా సందర్భాల్లో కంపెనీ కట్టక తప్పదు. అది మంచిదే, వాళ్లేం పాపం చేశారు. కానీ కట్టిన డబ్బు తర్వాత మన దగ్గర రాబట్టుకునే వీలుంది. బంపరు అయితే బతికిపోతాం. మనిషికి జీవితాంతం నడవలేని దెబ్బ తగిలితే ఆ మొత్తం ఎంతుంటుందో ఊహించడం కూడా నాకిష్టం లేదు.

అంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది దాని తర్వాత జరిగేది. "మీ పాలసీ ఎప్పుడైనా రద్దు చేశారా, చెల్లదని తేల్చారా" అని ఆ తర్వాత ప్రతి ఇన్సూరెన్స్ ఫారంలోనూ అడుగుతారు. అవునంటే చాలా కంపెనీలు తలుపు మూసేస్తాయి. తీసినవాళ్లు అడిగే ధర వింటే తల తిరుగుతుంది. పాలసీ పోయిందన్న ఉత్తరం ఏ పాత అడ్రసుకో వెళ్లి, పిల్లాడు తెలియక బండి తీశాడా, ఇక్కడ పోలీసుల కెమెరాలు నంబరు ప్లేటు చూసి ఇన్సూరెన్స్ ఉందో లేదో చెప్పేస్తాయి. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే అక్కడికక్కడ 300 పౌండ్లు, లైసెన్స్ మీద 6 పాయింట్లు. కోర్టుకెళ్తే జరిమానాకి పరిమితి లేదు. లైసెన్స్ వచ్చిన రెండేళ్ల లోపు 6 పాయింట్లు పడితే ఆ లైసెన్స్ పోతుంది. మళ్లీ థియరీ నుంచి రాయాలి. గొట్టం దగ్గర మొదలైంది ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. రెడింగ్ అబ్బాయికి అంతదాకా రాలేదు, వాళ్లమ్మ తాళాలు తీసి పోపులపెట్టెలో దాచింది. ఆవిడని నేను మెచ్చుకున్నాను.

ఇంకోవైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ఈ కంపెనీలేమీ సత్యహరిశ్చంద్రులు కారు. అదే చక్రాల మాట ఒక కంపెనీకి చెప్తే "ఫర్వాలేదు" అంటుంది, రెండోది డబ్బులడుగుతుంది, మూడోది "మీకు పాలసీ ఇవ్వలేం" అని ఫోన్ పెట్టేస్తుంది. కారు కొన్నప్పుడు తయారీ కంపెనీయే అదనంగా డబ్బు తీసుకుని బిగించినది మార్పా కాదా అన్నదానికి ఒక్కొక్కరిది ఒక్కో మాట. కారు మీద తగిలించే సామాను పెట్టె, వెనక కెమెరా, టో బార్, ఏది చెప్పాలో ఏది అక్కర్లేదో ఒకే పద్ధతి లేదు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది, పాలసీ మధ్యలో చిన్న మార్పు చెప్తే ప్రీమియం కాక అదనంగా వేసే అడ్మిన్ ఫీజు. నిజం చెప్పినందుకు టిక్కెట్టు అన్నమాట. పంతొమ్మిదేళ్ల పిల్లాడు శనివారాలు దుకాణంలో నిలబడి సంపాదించుకున్న డబ్బుతో కారుకి వంద పౌండ్ల స్పీకర్లు పెట్టుకుంటే, ఆ మాట చెప్పడానికి ముప్పావుగంట ఫోన్లో సంగీతం విని, పాతిక పౌండ్లు ఫీజు కట్టాలంటే, వాడికి నిజం మీద గౌరవం ఎలా పెరుగుతుంది? నిజం చెప్పే దారి సులువుగా పెట్టి, అప్పుడు అబద్ధానికి శిక్ష వెయ్యమనండి, నేను చప్పట్లు కొడతాను. ఏ మార్పుకి ఎంత పెరుగుతుందో ముందే చూపించే పట్టిక ఒకటి వెబ్‌సైట్లో పెట్టడానికి వాళ్లకేం అడ్డం? ధర వాళ్ల కంప్యూటర్లో ఉండనే ఉందిగా.

కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ ఉంది. ముందు కంపెనీకే ఫిర్యాదు రాసి, వాళ్ల జవాబు నచ్చకపోతే అక్కడికి వెళ్లొచ్చు. మనకి ఖర్చేమీ లేదు. వాళ్లు చూసేది సూటిగా ఉంటుంది: కంపెనీ ప్రశ్న స్పష్టంగా అడిగిందా, మామూలు మనిషి దానికి ఏం జవాబిస్తాడు, నిజం తెలిసి ఉంటే కంపెనీ నిజంగానే వేరేగా చేసేదని రుజువుందా. ప్రశ్నే గందరగోళంగా ఉంటే ఆ తప్పు మన నెత్తిన పడకూడదు. మనవాళ్లు "వాళ్లతో మనకెందుకు" అని ఊరుకుంటారు. ఊరుకోకూడదు. దాచకుండా చెప్పినవాళ్లకి దబాయించి అడిగే హక్కు కూడా ఉంటుంది.

ఈ దాచడానికి అన్నలాంటిది ఇంకొకటుంది, మన తెలుగువాళ్ల మధ్య నవ్వుకుంటూ చెప్పుకునేది. కారు పిల్లాడిదే, నడిపేదీ వాడే, కాలేజీకీ పనికీ తిరిగేదీ వాడే. కానీ పాలసీలో ముఖ్య డ్రైవరు నాన్నగారు, పిల్లాడు ఎప్పుడో ఓసారి నడిపేవాడు. ప్రీమియం సగానికి సగం పడిపోతుంది. "అందరూ చేస్తారండీ" అంటారు. ఇక్కడ దానికి ఫ్రంటింగ్ అని పేరు, మోసం కింద లెక్క. చిక్కు ఏమిటంటే సరైన దారి కూడా దీని పక్కనే ఉంది. పిల్లాడినే ముఖ్య డ్రైవరుగా పెట్టి, నిజంగా అప్పుడప్పుడూ నడిపే అమ్మనో నాన్ననో రెండో డ్రైవరుగా చేరిస్తే, చాలాసార్లు ధర కొంత తగ్గుతుంది. అందులో తప్పేం లేదు. మా ఇంట్లో రెండో పేరు నాది. శుక్రవారం కూరగాయలకి ఆ కారే తీసుకెళ్తాను, కాబట్టి నాదగ్గర సాక్ష్యం కొత్తిమీర కట్టల రూపంలో ఉంటుంది. బ్లాక్ బాక్స్ పెట్టించుకుంటే కూడా కొంత తగ్గొచ్చు. అది వేగం, బ్రేకులు, ఏ వేళ నడుపుతున్నాడో చూసి కంపెనీకి చేరవేస్తుంది. మావాడు దాన్ని "అమ్మ నంబర్ టూ" అంటాడు.

విజయవాడలో మా అక్క కొడుకుకి ఇరవై రెండు. వాడితో ఈ మాట అంటే, "పిన్నీ, ఇక్కడ అదేం అడగరు" అని నవ్వాడు. కొంత నిజమే. మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఇంజను సైజును బట్టి. నడిపేవాడి వయసుతో దానికి పని లేదు. అందుకే కుర్రాడి కారు, తాతగారి కారు అని తేడా తెలియదు. కానీ వాడు అనుకున్నంత స్వేచ్ఛ అక్కడా లేదు. ముందర ఇనప గార్డులు 2017 డిసెంబరులోనే వద్దన్నారు. అద్దాల నల్లఫిల్మ్ మీద 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అనుమతి లేని మార్పుకి ఆరునెలల దాకా జైలో, ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానానో, రెండూనో అని 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో ఉంది. సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే ఆర్‌సీలో రాయించాలి, ఇన్సూరెన్స్‌లోనూ చూపించాలి. మన సొంత బండి నష్టానికి క్లెయిమ్ వేసినప్పుడు సర్వేయరు వచ్చి చూసేది అక్కడా అవే కళ్లతో. వాడు విని, "సైలెన్సర్ మార్చింది నేను కాదు, నా ఫ్రెండ్" అన్నాడు. అడగకుండానే చెప్పాడు.

ఒకటి మాత్రం కలిపెయ్యకండి. ఇన్సూరెన్స్‌కి చెప్పినంత మాత్రాన చట్టం ఒప్పుకోనిది ఒప్పుకున్నట్టు కాదు. ఇక్కడ ముందు పక్క అద్దాలలోంచి కనీసం 70 శాతం, ముందు పెద్ద అద్దంలోంచి 75 శాతం వెలుగు లోపలికి రావాలి. శబ్దం పెరిగేలా ఎగ్జాస్ట్ మార్చి రోడ్డెక్కడం కూడా నేరమే. ప్రీమియం కట్టేశాం కదా అంటే పోలీసు వినడు.

పాలసీ మధ్యలో మార్పించుకుంటే ఏం చెయ్యాలన్నది పాలసీ షరతుల్లో ఉంటుంది, చాలావాటిలో ముందే చెప్పమనే ఉంటుంది. కాబట్టి వస్తువు కొనకముందే అడగడం మేలు. కొన్నాక అడిగితే, ఆ ధర విని, వస్తువు ఎలాగూ ఇంట్లో ఉంది కదా అని మనసు వంకరపోతుంది. ఫోన్లో చెప్పినా సరే, తర్వాత "ఈ తేదీన ఫలానా మార్పు చెప్పాను, మీరు ఒప్పుకున్నారు" అని ఒక మెయిలు పెట్టి, జవాబు దాచుకోవాలి. మార్పు తీసేస్తే అది కూడా చెప్పాలి. రెన్యువల్ కాగితాలు వచ్చినప్పుడు ఆ మార్పు అందులో ఉందో లేదో చూసుకోవాలి. పాత జవాబులే మళ్లీ అచ్చువేసి పంపుతారు, అవి నిజమేనని మనం ఒప్పుకున్నట్టు అవుతుంది.

మార్పు వల్ల పెరిగిన డబ్బు ఎవరు కట్టాలన్న దాని మీద మా ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు. మావారు "ప్రీమియం మనమే కడుతున్నాం, ఆ కాస్తా కడదాం" అంటారు. నేను ఒప్పుకోను. కారూ మామూలు ఇన్సూరెన్సూ మా బాధ్యత, సరదా వాడిది. సరదా ఖరీదులో వస్తువు ధరతో పాటు దాని ప్రీమియం కూడా ఉంటుందని వాడికి తెలియాలంటే ఆ డబ్బు వాడి జేబులోంచే పోవాలి. పోయిన నెల వాడికి స్పాయిలర్ మీద మనసయ్యింది. ఫోన్ వాడినే చెయ్యమన్నాను. స్పాయిలర్ 120 పౌండ్లు, బిగించడానికి 40, ప్రీమియం 64, ఆ దిక్కుమాలిన ఫీజు 25. కాగితం మీద నాలుగూ కూడి, కింద రెండు గీతలు గీసి ఫ్రిజ్‌కి అంటించాడు. కాగితం ఇంకా అక్కడే ఉంది, స్పాయిలర్ ఇంకా రాలేదు. ఈ మధ్య మాత్రం దాని పక్కన వాడి శనివారం జీతం రాసిన చీటీ ఒకటి కొత్తగా కనపడుతోంది.